గార్డియను తల్లి

మా నాన్నమ్మ ట్రంకుపెట్టె అడుగున పురికొసతో కట్టిన కాగితాల కట్ట ఒకటి ఉండేది. కౌలు కాగితాలు, సొసైటీ అప్పు కాగితాలు, 1961 నుంచి దాదాపు పదేళ్ళవి. అన్నింటి మీదా మా నాన్న పేరు, పక్కనే 'మైనరు', ఆ కింద 'గార్డియను తల్లి' అని నాన్నమ్మ పేరు, దాని మీద నీలం సిరా వేలిముద్ర. తాతయ్య పోయేనాటికి నాన్నకి తొమ్మిదేళ్ళు. ఆరెకరాల మాగాణికి దమ్ము ఎప్పుడు చేయించాలి, ఊడ్పులకి ఎవర్ని పిలవాలి, ధాన్యం ఏ మిల్లుకి తోలాలి, బావగారితో గట్టు తగాదా ఎంతలో తెంచుకోవాలి, అన్నీ ఆవిడే చూసుకుంది. ఊళ్ళో దానికి పెట్టిన పేరు పెత్తనం. "కొడుకుని అడ్డం పెట్టుకుని పెత్తనం చేస్తోంది" అనేవాళ్ళట. ఇదే పని ఆ బావగారు చేసుంటే పెద్దరికం అనేవాళ్ళు.

కొన్నాళ్ళుగా బ్లాంష్ గురించి చదువుతుంటే ఈ కట్టే కళ్ళ ముందు మెదులుతోంది. బ్లాంష్ అంటే స్పెయిన్‌లోని కాస్తీల్ రాజు కూతురు, ఫ్రాన్సు రాజు ఎనిమిదో లూయీ భార్య, తర్వాత సెయింట్ లూయీ అని పేరుపడ్డ తొమ్మిదో లూయీ తల్లి. ఆవిడ మీద ఏ వ్యాసం తెరిచినా "రాజకీయాల మీద గొప్ప ప్రభావం చూపిన రాణి" అనే వాక్యం ఎక్కడో ఒకచోట తగులుతుంది. నాకు ఆ 'ప్రభావం' అనే మాటతోనే పేచీ. ప్రభావం అంటే పని ఇంకెవరో చేస్తుంటే పక్కన నిలబడి చెవిలో చెప్పడం. 1226 నవంబరు నుంచి కనీసం ఎనిమిదేళ్ళు, మళ్ళీ 1248 నుంచి చనిపోయేదాకా ఇంకో నాలుగేళ్ళు, ఫ్రాన్సులో మిగతావాళ్ళే వచ్చి ఆవిడ చెవిలో చెప్పుకున్నారు.

మొదటినుంచీ చెబుతాను. 1188లో పుట్టింది. 1200లో ఇంగ్లండు రాజు జాన్‌కీ ఫ్రాన్సు రాజు ఫిలిప్ ఆగస్టస్‌కీ సంధి కుదిరింది. అందులో ఒక షరతు, జాన్ మేనకోడల్ని ఫిలిప్ కొడుకు లూయీకి ఇవ్వాలి. పిల్లని తీసుకురావడానికి వెళ్ళింది అమ్మమ్మ, అక్విటేన్ ఎలియనోర్. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి చలికాలంలో పిరనీస్ కొండలు దాటి కాస్తీల్ వెళ్ళి, అక్కని వదిలేసి చెల్లెల్ని తీసుకొచ్చింది. అక్క పేరు ఉర్రాకా. ఆ పేరు ఫ్రెంచివాళ్ళ నోరు తిరగదని ఆమెని కాదన్నారని చెప్పుకుంటారు (పేరు బలం కుదరక తప్పిపోయిన సంబంధాలు మనకి కొత్తా ఏంటి). పెళ్ళి ఫ్రాన్సు రాజు సీమలో కూడా జరగలేదు, అప్పట్లో జాన్ ఏలుబడిలో ఉన్న నార్మండీలోని పోర్ట్-మోర్ అనే ఊళ్ళో చేశారు. ఫిలిప్ తన రెండో భార్యని వదిలేసినందుకు పోపు ఆ దేశం మొత్తానికి చర్చి క్రతువులు ఆపేయించాడు మరి. పెళ్ళికూతురికి పన్నెండేళ్ళు, పెళ్ళికొడుక్కీ పన్నెండే.

ఆ తర్వాత పాతికేళ్ళ పాటు బయటికి కనిపించేది కాన్పులే. డజను దాకా పిల్లలు, అందులో చాలామంది చిన్నప్పుడే పోయారు. మధ్యలో ఒక్కసారి మాత్రం ఆవిడ చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది. 1216లో జాన్ మీద తిరగబడ్డ ఇంగ్లిషు ప్రభువులు లూయీని వచ్చి రాజువి కమ్మన్నారు. లూయీకి అక్కడ ఉన్న హక్కల్లా భార్య వైపు నుంచి వచ్చిందే, బ్లాంష్ రెండో హెన్రీకి మనవరాలు కాబట్టి. అక్కడ అతను ఇరుక్కుపోయాక తండ్రి ఫిలిప్ సాయం చేయనన్నాడు. "అయితే నా పిల్లల్ని తాకట్టు పెట్టి డబ్బు తెస్తాను" అని కోడలు మామగారి ముఖం మీదే అందనీ, ఆయన దిగొచ్చాడనీ ఒక పాత కథకుడు రాశాడు. ఆ మాట అందో లేదో గానీ కలే రేవులో ఓడలూ మనుషుల్నీ ఆవిడే కూడగట్టింది. 1217 ఆగస్టులో శాండ్‌విచ్ దగ్గర ఆ ఓడల దండు ఓడిపోయింది, ఇంగ్లండు ముచ్చట అంతటితో సరి.

ఇక అసలు విషయం. 1223లో ఎనిమిదో లూయీ గద్దె ఎక్కాడు, మూడేళ్ళు ఏలాడు. దక్షిణాన చర్చిని ధిక్కరించిన ఆల్బిజెన్సియన్ అనే మతశాఖ వాళ్ళ మీదికి దండెత్తి వెళ్ళి తిరిగొస్తూ 1226 నవంబరు 8న మోంపాన్సియే అనే చోట జిగట విరేచనాలతో చనిపోయాడు. పెద్దకొడుక్కి పన్నెండేళ్ళు. బ్లాంష్‌కి ముప్ఫై ఎనిమిది, పైగా కడుపుతో ఉంది. భర్త మంచం దగ్గర ఆవిడ లేదు. ఉన్న ఆర్చిబిషప్పు, ఇద్దరు బిషప్పులు తర్వాత ఒక ఉత్తరం విడుదల చేశారు. కొడుకునీ, రాజ్యాన్నీ, మిగతా పిల్లల్నీ రాణి సంరక్షణలో ఉంచమని రాజు తమతో చెప్పి పోయాడని. ఆ ఉత్తరంలో వాడిన మాట నాకు భలే నచ్చింది. రీజెంట్ అన్న మాట అప్పటికి ఇంకా వాడుకలో లేదు. అక్కడ రాసింది 'బెయిల్', అంటే మైనరు వారసుడి భూమిని పెద్దయ్యేదాకా చూసుకునే హక్కు. అప్పటి ఫ్రాన్సులో ఓ మోస్తరు జమీందారు పోతే అతని భార్యకి వచ్చే హక్కు అదే. ఒక దేశాన్ని మొత్తంగా తెచ్చి ఆ గార్డియను తల్లి కాగితంలో సర్దేశారు.

ఎందుకు ఆవిడకే అప్పగించాడు? లూయీకి ఫిలిప్ హ్యూర్పెల్ అని సవతి తమ్ముడున్నాడు, బూలోన్ ప్రభువు, ఎదిగిన మగవాడు, రాజు కొడుకు. పరాయి దేశపు ఆడమనిషి కంటే అతనే నయం కదా అని ప్రభువులు కొందరు అన్నారు కూడా. నేను అనుకునేది, సరిగ్గా అందుకే అతనికి ఇవ్వలేదని. బాబాయికి అప్పగిస్తే పిల్లాడు పెద్దయ్యేలోపు గద్దె బాబాయిదైపోతుంది. తల్లికి ఆ దారి లేదు. ఆవిడ రాజవంశపు రక్తం కాదు, కిరీటం మీద దావా వేయలేదు, కొడుకు పోతే ఆవిడ పెత్తనమూ పోతుంది. కొడుకు బతికి ఉంటేనే ఆవిడకి బతుకు. గద్దె ఎక్కే హక్కు లేకపోవడమే గద్దెని కాపలా కాయడానికి అర్హత అయింది. ఇదేదో ఆడవాళ్ళ మీద గౌరవంతో చేసిన ఏర్పాటు అనుకుంటే పొరపాటు. తర్వాత వందేళ్ళలో, 1316కీ 1328కీ మధ్య, అదే ఫ్రాన్సు ఆడవాళ్ళకి కిరీటం రాకుండా తలుపులు వేసేసింది. అలా వేసుకున్న దేశమే ఆ తర్వాత కూడా కేథరీన్ డి మెడిచి, ఆన్ ఆఫ్ ఆస్ట్రియా లాంటి తల్లుల చేతుల్లో మళ్ళీ మళ్ళీ రాజ్యాన్ని పెట్టింది. రెండూ ఒకే లెక్క నుంచి వచ్చినవేనని నాకనిపిస్తుంది.

ఇక్కడ మన రుద్రమదేవి గుర్తుకు రాకుండా ఉండదు, అదే శతాబ్దం కాబట్టి. గణపతిదేవుడు వేరే దారి తొక్కాడు, కూతుర్నే వారసురాల్ని చేశాడు, శాసనాల్లో ఆమె 'రుద్రదేవ మహారాజు'. కూతుర్ని కొడుకుగా చూపించి గద్దె ఎక్కించారు, అదీ ఒక రకం సర్దుబాటే. తమాషా ఏంటంటే, ఆ శతాబ్దం చివర్లో మోటుపల్లి సంగతులు రాసిన మార్కోపోలో ఇక్కడి రాణి న్యాయంగా, శాంతంగా పాలిస్తోందని మెచ్చుకుంటూనే, భర్త పోయిన రాజు భార్య అని రాసిపెట్టాడు. ఆమె రాజు కూతురు, భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. ఐరోపా నుంచి వచ్చినవాడికి గద్దె మీద ఆడమనిషి కనిపిస్తే మొదట తట్టేది వితంతువే. బ్లాంష్ లాంటివాళ్ళని చూసిన లోకం అది.

సరే, తిరిగి 1226. భర్త పోయిన మూడు వారాలకే, నవంబరు 29న, రేన్స్‌లో కొడుక్కి పట్టాభిషేకం చేయించేసింది. పెద్ద ప్రభువుల్లో చాలామంది రాలేదు. ఆవిడ ఆగలేదు. పట్టాభిషేకంలో కొడుకు నుదుట పెట్టిన నూనె ఆరకముందే, పన్నెండేళ్ళుగా జైల్లో ఉన్న ఫ్లాండర్స్ ప్రభువు ఫెర్రాన్‌ని వదిలేసి ఒక శత్రువుని తగ్గించుకుంది. మరుసటి ఏడు తిరగబడ్డ ప్రభువులు కుర్ర రాజుని దారికాచి పట్టుకోవాలని చూశారు. తల్లీకొడుకులు పారిస్‌కి దక్షిణాన మోంలేరీ కోటలో చిక్కుకుపోయారు, పారిస్ దాకా రావడానికి ధైర్యం చాలలేదు. నగర ప్రజలకి కబురు వెళ్ళింది. జనం కదిలొచ్చారు. మోంలేరీ నుంచి పారిస్ దాకా దారి పొడుగునా మనుషులేననీ, కొందరి చేతుల్లో ఆయుధాలు, కొందరివి ఉత్త చేతులేననీ, మా రాజుకి మంచి ఆయుష్షు ఇవ్వమని దేవుణ్ణి కేకలేసి వేడుకున్నారనీ లూయీ ముసలితనం దగ్గరపడ్డా మర్చిపోలేదు, తన స్నేహితుడు జ్వాన్విల్‌కి చెప్పాడు, ఆయన రాసిపెట్టాడు. పాఠ్యపుస్తకాల్లో బ్లాంష్ సంధులూ పెళ్ళిళ్ళూ ఉంటాయి గానీ, నాకైతే ఆవిడ రాజకీయం అంటే ఆ రోడ్డే. ప్రభువుల మీదికి ఊరి జనాన్ని పిలవొచ్చని తట్టడం చిన్న విషయం కాదు.

1229 జనవరిలో బ్రిటనీ ప్రభువు పియేర్ మోక్లెర్ మనుషులున్న బెలేమ్ కోట ముట్టడికి ఆవిడ స్వయంగా వెళ్ళింది. గడ్డకట్టే చలి, సైనికులూ గుర్రాలూ చచ్చిపోయేలా ఉన్నారు. చెట్లు కొట్టి కట్టెలు తెచ్చినవాళ్ళకి డబ్బులిస్తానని చాటించి, శిబిరమంతా పెద్ద పెద్ద మంటలు వేయించింది. కోట దొరికింది. కత్తి యుద్ధాల గురించి రాసేవాళ్ళకి ఈ కట్టెల బేరం కంటికి ఆనదు, ఇంటి ఖర్చు చూసినవాళ్ళకి ఆనుతుంది.

అదే ఏడు ఏప్రిల్లో తూలూజ్ ప్రభువు ఏడో రేమోన్‌తో సంధి. ఇరవై ఏళ్ళుగా దక్షిణాన్ని తగలబెట్టిన యుద్ధం దాంతో ఆగింది. రేమోన్ ఆవిడకి స్వయానా పిన్ని కొడుకు. అతని ఒక్కగానొక్క కూతురికి రాజు తమ్ముడితో పెళ్ళి, వాళ్ళకి సంతానం లేకపోతే సీమ మొత్తం రాజుకి. వాళ్ళకి పిల్లలు పుట్టలేదు, 1271లో తూలూజ్ కిరీటంలో కలిసిపోయింది. మధ్యధరా సముద్రం దాకా ఫ్రాన్సు విస్తరించిందంటే అందులో పెద్ద వాటా ఈ కాగితానిది. శాంపాన్య ప్రభువు తిబోది ఇంకో కథ. అతన్ని ఆవిడ తన వైపు తిప్పుకుంది, మిగతా ప్రభువులు కోపంతో అతని సీమ మీద పడితే సైన్యంతో వెళ్ళి కాపాడింది, తర్వాత అతను ఆస్తి తగాదాలో ఇరుక్కుంటే 40,000 లివ్ర్‌లు (అప్పటి ఫ్రెంచి డబ్బు) సర్ది బ్లువా, షార్త్ర్, సాన్సేర్, షాతోడన్‌ల మీద అతనికున్న ఆధిపత్యం రాయించుకుంది. కాపాడినందుకు కృతజ్ఞత ఊరికే పోనిచ్చే మనిషి కాదు.

ఈ తిబో కవి కూడా. ప్రేమ పాటలు రాసేవాడు. ఇంకేం కావాలి. రాణికీ అతనికీ సంబంధం అన్నారు, ఎనిమిదో లూయీకి విషం పెట్టింది అతనే అన్నారు, అది చాలక పోపు రాయబారి రొమానో వల్ల రాణికి కడుపొచ్చిందని కూడా పుట్టించారు. ఈ చివరి దానికి జవాబుగా ఆవిడ సభలో పైవస్త్రం తీసేసి లోపలి చొక్కాతో నిలబడి చూసుకోండని చూపించిందని ఒక కథకుడు రాశాడు. నేను ఆ కథని నమ్మను. కానీ ఆ కథ పుట్టింది కదా, దాన్ని నమ్మాలి. బ్లాంష్ మీద కోపం వస్తే ఒళ్ళు చూపించమన్నారు.

ఆవిడని దేవతని చేయడానికి రాయడం లేదు ఇదంతా. 1229లోనే జాతర రోజుల్లో పారిస్ విద్యార్థులు కొందరు సారాకొట్టులో ద్రాక్షసారా రేటు మీద గొడవపడి తన్నులు తిని, మర్నాడు దండుగా వచ్చి కొట్టుని ధ్వంసం చేశారు. ఆవిడ వెనకాముందూ చూడకుండా సైనికుల్ని వదిలింది, గొడవతో సంబంధం లేని విద్యార్థులు చచ్చిపోయారు. అధ్యాపకులు పాఠాలు ఆపేసి ఊరొదిలి వెళ్ళిపోయారు. ఇంగ్లండు రాజు మూడో హెన్రీ ఇదే అదనని వాళ్ళని మా దేశానికి రండని పిలిచాడు. రెండేళ్ళు పారిస్ విశ్వవిద్యాలయం దాదాపు మూతపడింది. చివరికి 1231లో పోపు తొమ్మిదో గ్రెగొరీ కలగజేసుకుని, అన్యాయం జరిగితే పాఠాలు ఆపే హక్కు అధ్యాపకులకి రాసిచ్చాడు. ఆవిడ మొండితనం పుణ్యమా అని వాళ్ళకి సమ్మె హక్కు దొరికింది.

ఇంకా చెడ్డది 1240. యూదుల తాల్మూద్ గ్రంథాన్ని బోనెక్కించిన పారిస్ విచారణలో పెద్దగా కూర్చుంది బ్లాంషే. యూదు మతగురువు రబ్బీ యెహియేల్‌తో మర్యాదగా మాట్లాడిందనీ, నీ ప్రాణానికి నాది హామీ అందనీ యూదుల వైపు రాతల్లోనే ఉంది. అయినా రెండేళ్ళకి పారిస్‌లో బళ్ళకొద్దీ, ఇరవై నాలుగు బళ్ళని చెబుతారు, చేతిరాత పుస్తకాలు కాలిపోయాయి. పాలించిందని ఒప్పుకున్నాక ఇదీ ఆవిడ ఖాతాలోనే పడుతుంది. 'ప్రభావం' అన్న మాటలో ఉన్న ఇంకో సుఖం ఇది, మంచి పనికి వాటా తగ్గించి, చెడ్డ పనికి పూచీ లేకుండా చేస్తుంది.

న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో ఒక బైబిలు తాలూకు బొమ్మ ఉంది, దాదాపు ఆ కాలందే. నేను చూసింది లాప్‌టాప్ తెర మీదే, పెద్దది చేసి చేసి. వెనకంతా బంగారు రేకు. పైన రెండు సింహాసనాలు, ఎడమ వైపు తెల్ల ముసుగు మీద కిరీటంతో రాణి, కుడి వైపు గడ్డం రాని రాజు. కింద గళ్ళలో ఒక మతగురువు చెబుతుంటే ఒకడు రాస్తున్నాడు, లేదా గీస్తున్నాడు. బ్లాంష్, లూయీ అనే చాలామంది అంటారు. రాజు ఎదురుగా మనవైపు తిరిగి, రాజదండం పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు, ఫోటోకి కూర్చున్నట్టు. రాణి మాత్రం అతని వైపు తిరిగి ఉంది, రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి, మధ్యలో ఏదో చెబుతోంది. బొమ్మ పైభాగంలో మాట్లాడుతున్న మనిషి ఒక్క రాణే.

లూయీకి ఎప్పుడు మైనారిటీ తీరింది? ఫలానా రోజున తల్లి పగ్గాలు అప్పగించిందని చెప్పే కాగితం లేదు. ఇరవై ఏళ్ళొచ్చి 1234లో పెళ్ళయింది కాబట్టి అక్కడ గీత గీస్తారు చరిత్రకారులు. మొదలయ్యేటప్పుడు పదవి పేరు లేదు కాబట్టి ముగిసేటప్పుడు దిగిపోవాల్సిన మెట్టూ లేకపోయింది. మా నాన్నకి పద్దెనిమిది నిండాక ఆ కాగితాల మీద 'మైనరు' పోయింది, వేలిముద్ర పోయింది, ధాన్యం ఏ మిల్లుకన్నది మాత్రం నాన్నమ్మే చెప్పింది.

పెళ్ళి చేసి తెచ్చిన కోడలు ప్రొవాన్స్ అమ్మాయి మార్గెరిత్. జ్వాన్విల్ రాసిన అత్తాకోడళ్ళ సంగతులు చదువుతుంటే మన సీరియల్ రచయితలు ఎక్కడో చదివే ఉంటారనిపిస్తుంది. పగలు భార్యాభర్తలు కలిసి ఉండటం అత్తకి గిట్టదు. పోంత్వాజ్ కోటలో రాజు గది పైన, రాణి గది కింద, మధ్యలో మెలిక మెట్లు. ఆ మెట్ల మీదే కూర్చుని ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. అత్తగారు వస్తోందంటే బయట నౌకర్లు బెత్తంతో తలుపు కొట్టేవాళ్ళు, ఎవరి గదిలోకి వాళ్ళు పరుగు. ఒకసారి మార్గెరిత్ కాన్పులో చావుబతుకుల్లో ఉంటే రాజు చూడ్డానికి వెళ్ళాడు. బ్లాంష్ వచ్చి చెయ్యి పట్టుకుని, "రా, నీకిక్కడ పనేం లేదు" అంది. "చచ్చినా బతికినా నా మొగుణ్ణి చూడనివ్వరా" అని కోడలు స్పృహ తప్పిపోయింది. ఒక ఆడమనిషి చేతిలో అధికారం ఉంటే ఇంట్లో ఇంకో ఆడమనిషికి దక్కే చోటు అంత. దీనికి నేను బ్లాంష్ గుణాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టలేను. ఆవిడ అధికారానికి ఉన్న పత్రం ఒక్కటే, కొడుకు. దాన్ని ఇంకొకరితో ఎలా పంచుకుంటుంది.

1248లో లూయీ ఈజిప్టు మీదికి క్రూసేడుకి, అంటే ముస్లిముల మీద క్రైస్తవుల మతయుద్ధానికి, వెళ్తూ భార్యని తీసుకెళ్ళాడు, రాజ్యాన్ని మళ్ళీ తల్లికిచ్చాడు. అప్పటికి ఆవిడకి అరవై. 1250లో రాజు శత్రువులకి దొరికిపోయాడు. 4,00,000 లివ్ర్‌ల విడుదల సొమ్ము, అందులో సగం అక్కడికక్కడే తూచి ఇచ్చారు, తూచడానికే రెండు రోజులు పట్టిందట. విడుదలయ్యాక కూడా అతను ఇంటికి రాలేదు, నాలుగేళ్ళు అక్కడే ఉన్నాడు, ఆ ఖర్చంతా ఇక్కడినుంచి వెళ్ళాలి. 1251లో రాజుని విడిపిస్తామంటూ గొర్రెల కాపర్లు, పేదలు వేలల్లో బయల్దేరితే, ఆవిడ మొదట వాళ్ళ నాయకుణ్ణి పిలిచి కానుకలిచ్చింది. నమ్మేసింది. వాళ్ళు ఊళ్ళ మీద పడి మతగురువుల్ని, యూదుల్ని కొట్టడం మొదలుపెట్టాక తప్పు తెలుసుకుని అణిచేసింది. ఆ రోజుల్లోనే పారిస్ నోత్ర్-దామ్ మతాధికారులు పన్ను కట్టలేదని ఓర్లీ, ఆ చుట్టుపక్కల రైతుల్ని చెరలో వేశారు. ఇప్పుడు విమానాలు దిగే ఓర్లీయే. వదలమని రాణి కబురుపెడితే, మా రైతులు మా ఇష్టం అని వాళ్ళ పెళ్ళాం పిల్లల్ని కూడా తెచ్చి కుక్కారు. ఉక్కకి మనుషులు చచ్చిపోయారు. ఆవిడ మనుషులతో వెళ్ళి, మొదటి దెబ్బ తన చేతికర్రతో తానే వేసి తలుపు పగలగొట్టించిందని పాత వృత్తాంతం. పన్ను తగాదా నిజం, చేతికర్ర దగ్గర కథకుల చెయ్యి ఉండొచ్చు.

1252 నవంబరులో చనిపోయింది. కబురు సముద్రాలు దాటి లూయీకి చేరడానికి నెలలు పట్టింది. రెండు రోజులు అతను ఎవరితోనూ మాట్లాడలేదు. అక్కడే ఉన్న మార్గెరిత్ భోరున ఏడుస్తుంటే జ్వాన్విల్ ఉండబట్టలేక అడిగేశాడు, మీకు అందరికంటే పడనిది ఆవిడే కదమ్మా అని. ఆవిడ కోసం కాదు, రాజు పడుతున్న బాధ చూడలేక, పైగా అక్కడ నా కూతురు మగవాళ్ళ చేతుల్లో పడిందని, అంది మార్గెరిత్.

తర్వాత ఆ కోడలు ఒక పని చేసింది. పెద్దకొడుకు ఫిలిప్ చేత, ముప్ఫై ఏళ్ళొచ్చేదాకా అమ్మ సంరక్షణలోనే ఉంటానని ఒట్టు వేయించుకుంది. సంగతి తెలిసిన లూయీ 1263లో పోపుతో చెప్పించి ఆ ఒట్టు రద్దు చేయించాడు. 1270లో తన రెండో క్రూసేడుకి బయల్దేరేటప్పుడు రాజ్యాన్ని భార్యకి అప్పగించలేదు, ఒక మఠాధిపతికీ ఒక ప్రభువుకీ ఇచ్చి వెళ్ళాడు.